న్యాయమూర్తులు, చట్టం, కడుపులోని బిడ్డ



మన విచారణలలోని ఎన్నో కుటుంబాల పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. అక్కడి పౌరసత్వం పొందినవారు ఓటు కూడా వేస్తున్నారు. ఆ ఓటు విషయంలో ఒక సంగతి మనకు వింతగా తోస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాలలో న్యాయమూర్తులు కూడా ప్రజల ఓటును ఎదుర్కోవాలి. ఈ పద్ధతికీ గర్భస్రావానికీ సంబంధమేమిటి? మన దేశంలో న్యాయమూర్తులను ఎవరు నియమిస్తారు? దీనినుండి నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంత కుటుంబాలు నేర్చుకోవలసినదేమిటి? ఈ వారం పాఠంలో చూద్దాం.

1. అమెరికాలో జరిగినది

గర్భస్రావం రాజ్యాంగం ఇచ్చే హక్కేనని 1973లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2022 జూన్ 24న అదే కోర్టు ఆ తీర్పును కొట్టివేసి, ఈ విషయాన్ని రాష్ట్రాలకు వదిలింది. దానితో రాష్ట్రాల అత్యున్నత న్యాయస్థానాలలో ఎవరు కూర్చుంటారన్నది పెద్ద ప్రశ్న అయింది.

విస్కాన్సిన్ రాష్ట్రాన్నే తీసుకోండి. అక్కడి కోర్టులో ఏడుగురు న్యాయమూర్తులు. 2023 ఏప్రిల్ ఎన్నికలో జానెట్ ప్రొటసీవిచ్ గెలిచారు. గర్భస్రావ హక్కుపై తన అభిప్రాయాన్ని ఆమె ప్రచారంలో దాచలేదు. ఆమె రాకతో కోర్టులో మొగ్గు మారింది. 1849 నాటి చట్టం గర్భస్రావాన్ని నిషేధించజాలదని 2025 జూలై 2న ఆ కోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు మరొకవైపుగా తీర్పు చెప్పింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో జరిగిన మరొక న్యాయమూర్తి ఎన్నికకు తొమ్మిది కోట్ల డాలర్లకు మించి ఖర్చయింది.

ప్రజలకు జవాబు చెప్పే న్యాయమూర్తి ఉండడం మంచిదేనని కొందరంటారు. కాని ఓట్లు, డబ్బు చూసి తీర్పు చెప్పే పరిస్థితి వస్తే, ఓటూ డబ్బూ లేనివారి గతి ఏమిటి? కడుపులోని బిడ్డకు ఆ రెండూ లేవు. పేదరాలైన తల్లికీ డబ్బు లేదు.

2. మన దేశంలో

ఇక్కడ న్యాయమూర్తికి మనం ఓటు వేయము. రాజ్యాంగం 124, 217 అధికరణాల ప్రకారం రాష్ట్రపతి నియమిస్తారు. 1993 నుండి సీనియర్ న్యాయమూర్తుల బృందమైన కొలీజియం పేర్లు సిఫారసు చేస్తున్నది. దీనిని మార్చుటకు పార్లమెంటు 2014లో చట్టం చేసింది. సుప్రీంకోర్టు 2015 అక్టోబరు 16న దానిని కొట్టివేసింది.

ఎన్నిక లేదు గనుక న్యాయమూర్తులందరూ ఒకే మాట చెబుతారని అనుకోరాదు. 2021 అక్టోబరులో మన తెలంగాణ హైకోర్టు, అత్యాచారానికి గురైన 16 ఏండ్ల బాలికకు 26 వారాల గర్భాన్ని తొలగించుకొనుటకు అనుమతించింది. 2023 అక్టోబరులో ఒక వివాహిత 26 వారాల గర్భంతో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇద్దరు న్యాయమూర్తులు విడిపోయారు. అంతకుముందు మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ, అనుమతించుటకు తన అంతరాత్మ ఒప్పదన్నారు. తల్లి నిర్ణయాన్ని గౌరవించాలని జస్టిస్ నాగరత్న అన్నారు. చివరకు అక్టోబరు 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించింది. ఒకే చట్టం, ఒకే తల్లి. ఇద్దరు న్యాయమూర్తులకు రెండు అభిప్రాయాలు!

3. చట్టం ఎంతవరకు?

1971లో వచ్చిన గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. చట్టంలో చెప్పిన కారణాలుంటే 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనరు బాలికలు మొదలైన కొందరికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల వరకు గడువున్నది. ఆపైన, శిశువుకు తీవ్రమైన లోపమున్నదని మెడికల్ బోర్డు చెప్పాలి. తల్లి ప్రాణాపాయంలో ఉంటే గడువు లేదు. అనగా కోర్టు గడప తొక్కేది బహు కొద్దిమంది. మిగిలిన నిర్ణయాలన్నీ ఇంటిలోనూ దవాఖానలోనూ జరిగిపోతున్నాయి.

చట్టం అనుమతించినంత మాత్రాన అది ధర్మమని శ్రీసభ అంగీకరించదు. గర్భం ధరించిన క్షణం నుండి బిడ్డ ప్రాణం పవిత్రమని పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1995 మార్చి 25న వెలువరించిన 'జీవ సువార్త' విశ్వలేఖలో బోధించారు. ఆ పనిలో పాలు పంచుకోకుండా ఉండే హక్కు డాక్టర్లకు, నర్సులకు ఉన్నదని కూడా అందులో చెప్పారు.

4. మన గడపలో

నిర్గమకాండము మొదటి అధ్యాయం చదవండి. మగశిశువులను చంపమని ఫరో ఆజ్ఞాపిస్తే, షిఫ్రా, పూవా అనే మంత్రసానులు దేవునికి భయపడి ఆ పని చేయలేదు. మన ప్రాంతంలో ఆజ్ఞ ఇచ్చే ఫరో లేడు. అయినా ఆడబిడ్డకు రక్షణ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేండ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 1991లో 975 మంది, 2001లో 961, 2011లో 939. ఏ న్యాయమూర్తి తీర్పుతోనూ ఈ సంఖ్య తగ్గలేదు.

దేవరకొండ తండాలలో ఆడశిశువుల అమ్మకం 1999లో వార్తలకెక్కింది. ఆ తల్లులను నిందించుట తేలిక. ఒకప్పుడు లంబాడీలలో పిల్లవానివారే పిల్లకు ఓలి ఇచ్చేవారు. ఆ ఆచారం పోయి కట్నం వచ్చింది. కరువు నేలమీద కట్నం పడితే ఆడబిడ్డ భారమయింది. కట్నం అడిగే ఇండ్లు మన విచారణలలో లేవా?

5. మనం చేయవలసినవి

స్కానింగులో ఆడో మగో అడుగవద్దు. 1994 నాటి చట్టం ప్రకారం చెప్పినవారికే గాక అడిగినవారికీ శిక్ష ఉన్నది: మూడేండ్ల వరకు జైలు, యాభై వేల రూపాయల వరకు జరిమానా. కోడలిని బలవంతపెట్టిన అత్తమామలు, భర్త కూడా తప్పించుకోలేరు.

బిడ్డను పెంచలేని తల్లి ఉంటే, జిల్లా బాలల సంక్షేమ సమితికి చట్టప్రకారం అప్పగించవచ్చని చెప్పండి. మనసు మార్చుకొనుటకు రెండు నెలల గడువు ఇస్తారు. 1098కి ఫోను చేస్తే దారి చూపుతారు.

పెండ్లికాని బిడ్డ గర్భవతి అయితే పరువు పేరిట ఇంటినుండి గెంటవద్దు. అత్యాచారానికి గురైన పిల్ల గాయాన్ని తక్కువ చేసి మాట్లాడవద్దు. ప్రాణం పవిత్రమని నోటితో చెప్పి, ప్రసవం ఖర్చుకూ బియ్యానికీ చేయి చాచనివారి మాటను ఎవరు నమ్ముతారు?

గర్భస్రావం చేయించుకొని బాధపడుతున్న సోదరీ, నీకు తలుపు మూసిలేదు. ఈ పాపాన్ని మన్నించే అధికారాన్ని ఫ్రాన్సిస్ పోపుగారు 2016 నవంబరులో గురువులందరికీ కొనసాగించారు. పాపసంకీర్తనానికి ధైర్యంగా వెళ్లు.

అమెరికాలోని మన పిల్లలకు న్యాయమూర్తిని ఎంచుకొనే ఓటు ఉన్నది. వారు మనస్సాక్షితో వేయాలి. మనకు ఆ ఓటు లేదు. కాని మన ఇంట పుట్టబోయే బిడ్డ విషయంలో మొదటి తీర్పు మనదే.

కుటుంబంలో చర్చించుటకు:

1. న్యాయమూర్తులను ప్రజలే ఎన్నుకొంటే బలహీనులకు మేలా, కీడా? ఎందుకు?
2. మన ఇంట ఆడబిడ్డ పుట్టినప్పుడు, మగబిడ్డ పుట్టినప్పుడు ఒకే తీరుగా సంతోషించామా?
3. మన వాడలో సాయం కావలసిన గర్భిణి ఎవరు? ఈ వారం ఆమెకు మనం ఏమి చేద్దాం?