సెల్‌ఫోనులో ధ్యానపుస్తకము: భాషావిషయమైన కొన్ని విచారములు

తెలుగు క్రైస్తవుల భక్తిజీవనమున దినధ్యానపుస్తకము కొత్తది కాదు. తేదికొక పుట చొప్పున ఏడాది పొడుగున చదువుకొను గ్రంథములు వారి యిండ్లలో బైబిలు ప్రక్కనే యుండును. 1925లో అమెరికాలో వెలువడిన శ్రీమతి కౌమన్ గ్రంథమునకు తెలుగుసేతయైన 'ఎడారిలో సెలయేర్లు' పలువు రెరిగినదే. ఈ సంప్రదాయమున వెనుకకు పోయినచో, జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామమున మొరేవియన్ సంఘమువారు 1731లో తొలిసారి అచ్చువేసిన దినవాక్యముల చిన్న పుస్తకము కనబడును. అయితే ఇవి చదువుటకై యేర్పడినవి. చదివినవాడు తనకు తోచినది వ్రాసికొనుటకు చోటిచ్చు పుస్తకము, అందునను సెల్‌ఫోనులో నుండు పుస్తకము, వేరు జాతిది. దానిని తెలుగున నిర్మింపబూనినప్పుడు తలయెత్తు చిక్కులు పైకి యంత్రమునకు సంబంధించినవిగా తోచును గాని వానిలో పెక్కు భాషకు సంబంధించినవే.

ఈ విచారమునకు నన్ను పురికొల్పిన సందర్భము నయా రాయపూరున కలిగినది. 2018లో ఆ పట్టణమునకు అటల్ నగర్ అను పేరు వచ్చినను జనులు పాత పేరును విడువలేదు. అచ్చట కంప్యూటరు ఉద్యోగములు చేయు తెలుగు యువకులు కొందరు, భిలాయిలో పుట్టి పెరిగినవారు, తీరికవేళల తాము కూర్చుచున్న యాప్ నమూనాను నాకు చూపి, “మాస్టారూ, తెలుగు సరిగ్గా ఉందో లేదో కాస్త చూడండి” అని కోరిరి. 1931లో రాయపూరు–విజయనగరము రైలుమార్గము పూర్తియైన పిమ్మటను, 1959లో భిలాయి ఉక్కు కర్మాగారమున తొలి కొలిమి రగిలిన పిమ్మటను ఈ ప్రాంతమునకు వచ్చిన కుటుంబముల సంతతివారు వీరు. ఇంట తెలుగు మాట్లాడుదురు; బడిలో హిందీ చదివిరి. తల్లులు తెలుగు బైబిలు చదువగా వీరు విందురు. యాప్ ఎవరికొరకని అడుగగా, “మాకూ, మా అమ్మలకూ” అనిరి. ఆ జవాబులోనే చిక్కంతయు నిమిడి యున్నది.

నమూనాలో మొదటి పుట తెరవగానే ఒక ప్రశ్న: “ఈ రోజు మీరు ఎలా అనుభూతి చెందుతున్నారు?” దీనిని తెలుగని యెవ్వరును అనరు. ఇంగ్లీషు వాక్యమునకు తెలుగు అక్షరములు తొడిగిరి. మన యిండ్లలో ఈ ప్రశ్న నడుగువారు “మనసెట్లున్నది?” అని యడుగుదురు, లేదా ఏమియు నడుగక మంచినీళ్లిత్తురు. దానిని మార్చుట తేలిక. కాని ప్రశ్న సరియైన తెలుగులోనికి వచ్చినను నా సంకోచము తీరలేదు. ఆ పుటలో 'మీరు' అని పిలుచుచున్న దెవరు?

తెలుగు బైబిలు భాషలో సర్వనామముల నడక గమనింపదగినది. దేవునిగూర్చి చెప్పునపుడు 'ఆయన' అని గౌరవము చూపును. దేవునితోనే చెప్పునపుడు 'నీవు' అనును. లోకవ్యవహారమున పెద్దలను 'మీరు' అనువాడు, ప్రార్థనలో 'నీవు' అనును. అది అమర్యాద కాదు, చనువును కాదు, ఆ రెంటికిని పైదైన సామీప్యము. శతకకవులు తమ దైవమును పిలిచిన తీరును ఇదియే గనుక తెలుగు క్రైస్తవుల చెవి కిది పరాయిది కాలేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు నేటికిని ఆరాధనలలో పాడబడుచుండుటకు ఈ పిలుపు నందలి స్వభావసిద్ధత కొంత కారణమని నా తలంపు. ఆత్మపరిశీలన గ్రంథములలో పేర్కొనదగిన అగస్టీను 'ఒప్పుకోలు' (క్రీ.శ. 397–400 ప్రాంతము) ఆద్యంతము దేవునితో సంబోధనగా నడచును, పాఠకుడు ప్రక్కనుండి వినువాడు మాత్రమే. ధ్యానపుటలో మధ్యమపురుష స్థానము ఒక్కటియే; అది నిండియున్నది. యంత్రము 'మీరు' అని ముందుగా నోరు తెరచినచో, వ్రాయువాడు యంత్రమునకు జవాబు చెప్పును గాని దేవునితో మాట్లాడడు.

కావున ప్రశ్నలను తీసివేసి, ఉత్తమపురుషలో సగము వాక్యముల నుంచుడని సూచించితిని: 'నేడు నేను తలపోసినది', 'నేను ఒప్పుకొనవలసినది', 'నాకు కలిగిన మేలు', 'నా విన్నపము'. సగమును పుట చెప్పును, తక్కిన సగమును వ్రాయువాడు పూరించును. యంత్రమునకు గొంతు లేకుండ పోయినది. యువకులకు మొదట ఇది రుచింపలేదు; నేడు యాపులు మాట్లాడవలెనను అభిప్రాయము బలముగ నున్నది. రెండు వారములు తామే వాడి చూచి ఒప్పుకొనిరి.

ఇందు 'తలపోయు' అను మాటను నేను ఊరక తేలేదు. నమూనాలో 'ప్రతిబింబము' అని యుండెను. ఇంగ్లీషు మాటకు అద్దమున కనబడు అర్థము నెత్తుకొని వచ్చిరి. లూకా సువార్త 2వ అధ్యాయమున మరియ తాను విన్న సంగతులను హృదయమున ఉంచుకొన్న చోట తెలుగు అనువాదకులు 'తలపోసికొను' అను క్రియ వాడిరి. గ్రీకు మూలమునందలి మాటకు 'ఒకచోటికి చేర్చివేయుట' అని ధాత్వర్థము. విడివిడిగా నున్న సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట. మన 'తలపోత'లో తలపులను రాశిగా పోయుట యున్నట్లు చెవికి తోచును. వ్యుత్పత్తిని నేనిచట వాదింపను; భాషలో ఆ ధ్వని యున్నదనుట చాలును.

'ధ్యానించు' అను మాట కథ ఇంతకంటె ఆసక్తికరము. మొదటి కీర్తనలో ధర్మశాస్త్రమును రాత్రింబవళ్లు ధ్యానించువాడు కొనియాడబడెను. మూలమందలి హీబ్రూ క్రియ 'హాగా'. దాని యర్థము గొణుగుట, లోగొంతుతో ఉచ్చరించుట. యెషయా గ్రంథము 31వ అధ్యాయమున వేటపై నిలిచిన సింహపు గుర్రునకును, 38వ అధ్యాయమున పావురపు మూల్గునకును అదే క్రియ వాడబడినది. యెహోషువ మొదటి అధ్యాయమున ఆ క్రియ నోటి ప్రసక్తితోనే వచ్చును. రెండవ కీర్తనలో జనములు వ్యర్థమైనదానిని పన్నుచోటను ఇదే. అనగా ప్రాచీన హీబ్రూ భక్తుని ధ్యానము పెదవులు కదలు ధ్యానము. మనకు 'ధ్యానము' అనగానే కన్నులు మూసికొనిన మౌనమూర్తి కనబడును. సంస్కృత సంప్రదాయ మాబొమ్మను మనలో నిలిపినది. 'హాగా'కు దగ్గరగా నుండు తెలుగు వ్యవహారము వల్లెవేయుట. అనువాదకుల యెంపిక తప్పని నేననను. ఏ మాట పెట్టినను మరియొకవైపు కొంత జారిపోవును. కాని యాప్ నిర్మించువారికి ఇది వట్టి పాండిత్యవిషయము కాదు: ధ్యానము పెదవుల పని యైనచో, తెలుగు వ్రాయరాని యువకుడును, ఫోనుమీట లలవాటు లేని తల్లియు తమ తలపోతను పలికి దాచుకొనవచ్చును. గొంతును దాచు సౌకర్యము వ్రాతకు తక్కువది కానక్కరలేదు. (కీర్తనల గ్రంథమున 71 మార్లు, హబక్కూకున 3 మార్లు వచ్చు 'సెలా' అను మాట యర్థము పండితులకు నిశ్చయముగా తెలియదు, విరామమని కొందరు. యువకులలో ఒకడు దానిని గొంతు నిలుపు మీటకు పేరుగా పెట్టినాడు. నాకు నచ్చినది.)

అయితే పలుకుట యనగానే మరియొక చిక్కు. భిలాయి క్వార్టరులో రెండు గదులు, అయిదుగురు మనుష్యులు. ఒప్పుకోలు పైకి పలికినచో గోడ వినును. మత్తయి సువార్త 6వ అధ్యాయమున ప్రార్థనకు తలుపు వేసిన గది నిర్దేశింపబడినది. గది లేనివానికి పుస్తకమే గది. రహస్యమునకై భక్తులు పడిన పాట్లు చిన్నవి కావు. జాన్ వెస్లీ తన అంతరంగపు దినచర్యను సంకేతలిపిలో వ్రాసికొనెను. దానిని నెహెమ్యా కర్నాక్ ఛేదించి 1909–1916 నడుమ ప్రకటించిన సంపుటములలో వెలువరించెను. మన గురజాడ అప్పారావుగారి డైరీలు చాలమట్టుకు ఇంగ్లీషున నున్నవి. తెలుగు వచనమునకు వాడుకభాషను వాదించిన ఆ మహనీయుడు తనకొరకు వ్రాసికొనునపుడు వేరొక భాషలోనికి పోయెను. కారణములు పలువిధములుగా నుండవచ్చును గాని, తెలుగున ఏకాంతగద్యమునకు అలవాటు తక్కువగా నుండెననుట కాదనరానిది. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర (1830–31లో చేసి, 1838లో అచ్చైనది) దినచర్యయే యైనను పరులు చదువుటకు వ్రాసినది.

సెల్‌ఫోనున రహస్యము ఎవరి చేతిలో నున్నది? చాల యాపులలో వ్రాత ఫోనులో నిలువక దూరపు సర్వరునకు పోవును. 2019 నాటి డేటా పరిరక్షణ బిల్లులో మతవిశ్వాసమును తెలుపు సమాచారము 'సున్నితమైన' తరగతిలో చేర్చబడియుండెను. 2023లో చట్టమైన రూపమున అట్టి ప్రత్యేక తరగతి లేదు. ఒకని పాపపు టొప్పుకోలును, వాని కూరగాయల పద్దును చట్టపు దృష్టిలో ఒక్క గంపలోనివే. కావున వ్రాత ఫోను దాటకుండుట, విడిగా తాళముండుట, తెరపై సూచనలలో వ్రాతనుండి యొక్క ముక్కయు కనబడకుండుట అను మూడింటిని నేను పట్టుబట్టితిని. మూడవదే ముఖ్యము. మన యిండ్లలో ఫోను ఒక్కరి సొత్తు కాదు. పాలవాడి ఫోను వచ్చినను ఇల్లంతయు తెర చూచును.

వరుసదినముల లెక్కయు నమూనాలో నుండెను: ఇన్ని దినములు విడువక వ్రాసితిరి, నేడు తప్పితిరి అని. లెక్క క్రైస్తవ సంప్రదాయమునకు పరాయిది కాదు. 1548లో పోపు ఆమోదము పొందిన ఇగ్నేషియసు 'ఆధ్యాత్మిక సాధనలు' గ్రంథమున దినమునకు రెండు గీతలు గీచి, ఒక దోషమున ఎన్నిమార్లు పడితినో అన్ని చుక్కలు పెట్టుకొను పద్ధతి కలదు. అయితే అతడు లెక్కింపుమన్నది దోషమును. పుస్తకము తెరచిన దినములను కాదు. వ్రాయని దినమును దోషముగ చూపు యంత్రము అంగడివాని తర్కమున నడచుచున్నది. ఆ లెక్క తీసివేయబడినది.

అక్షరముల విషయము క్లుప్తముగ చెప్పెదను. 'క్రీస్తు' అను మాట కంటికి రెండక్షరములు. యూనికోడులో ఎనిమిది సంకేతములు. ఇంగ్లీషు కొలతతో పుటకు హద్దు పెట్టినచో తెలుగువాని వాక్యము నడుమనే తెగును. ఒత్తులు క్రింది పంక్తి గుడులను తాకకుండ పంక్తుల నడుమ ఎడమును పెంచవలెను. 1746 ప్రాంతమున హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ కొరకు తెలుగు అచ్చు పోసినవారికిని ఈ బాధ తప్పియుండదు.

చివరకు తేలక నిలిచినది లిపి. తల్లి తెలుగులో పలికి దాచిన తలపోతను, ఆమె కోరినప్పుడు కుమారుడు చదువగలుగుటకు దేవనాగరిలోనికి మార్పవలెనని యువకుల కోరిక. హ్రస్వమైన ఎ, ఒ లకు గుర్తులు యూనికోడులో నున్నను, సామాన్యముగా ఫోనులోని హిందీ మీటలలో కనబడవు. తల్లి 'మొర' అనగా, తెరపై 'మోర' వచ్చును. హిందీ చదివిన కుమారుడు దానిని 'మోర్' అని చదివి నెమలి యనుకొనును. ఇట్టి మాటల పట్టిక నొకటి కీర్తనల గ్రంథమునుండి తీసి, వేసవి సెలవులలోగా వారికి వ్రాసి యిత్తునని యొప్పుకొంటిని. ఇప్పటికి మొదటి నలువది కీర్తనలైనవి.