ఉదయగిరి బాలకృష్ణుడు - శాసన సాక్ష్యం

నెల్లూరు జిల్లా పడమటి సీమలో, ఆత్మకూరు నుండి సీతారామపురం వైపు వెళ్లే యాత్రికులకు ఉదయగిరి దుర్గం దర్శనమిస్తుంది. 3,079 అడుగుల ఎత్తుగల ఈ కొండపై ప్రాకారాలు, ఆలయాలు, మసీదులు శిథిలావస్థలో ఉన్నవి. ఒకప్పుడు ఈ దుర్గంలో పూజలందుకొన్న బాలకృష్ణస్వామి మాత్రం నేడు ఇక్కడ లేడు.

గజపతుల ఏలుబడిలోని ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో జయించినాడు. స్వామిని విజయనగరానికి కొనిపోయి, ఆలయం నిర్మించి, 1515లో ప్రతిష్ఠించినాడు. హంపీలోని ఆ కృష్ణాలయ శాసనమే ఈ వృత్తాంతాన్ని తెలుపుతున్నది. 1565 యుద్ధం తరువాత ఆ మహానగరం పాడుపడినది. దెబ్బతిన్న ఆ మూర్తి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో కలదు. ఇన్ని నెలవులు మారినను, ఈయన ఉదయగిరి స్వామి అని మనమెరుగుటకు ఆ శిలాక్షరాలే ఆధారం. అవి చెరిగిపోయి ఉన్నట్లయితే స్వామి స్వస్థలమేదో చెప్పగలవారెవరు?

కావున పుణ్యస్థల రక్షణకు మొదటి మెట్టు ఉన్నదానిని ఉన్నట్లు వ్రాసి ఉంచుట. మన పెద్దలు ఈ పనిని ఉపేక్షించలేదు. కల్నల్ మెకంజీ ప్రోత్సాహంతో కావలి సోదరులు మొదలైనవారు గ్రామ కైఫీయతులు సేకరించినారు. బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి గార్లు నెల్లూరు జిల్లా శాసనాలను తాలూకాల వారీగా కూర్చగా, 1905లో మూడు సంపుటాలు వెలువడినవి. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనాలు వాటిలో చేరినవి. రాయి పగిలినను పాఠం నిలుచుట ఇట్టి కృషి ఫలమే.

నేడు శాసనాలకు శత్రువు నిక్షేపాల కొరకు త్రవ్వే దురాశాపరుడు మాత్రమే కాదు. జీర్ణోద్ధరణ పేరిట సున్నం, రంగు, సిమెంటు పూయించే భక్తుడు కూడ తెలియక అపచారం చేయుచున్నాడు. అక్షరాలున్న బండను మెట్టుగా వేయుట, నునుపు కొరకు గోడను చెక్కించుట వలన శతాబ్దాల సాక్ష్యం ఒక్క పూటలో నశించును. 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి రాష్ట్ర చట్టం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటిని కాపాడును. ఆ జాబితాలకు ఎక్కని చిన్న గుడికి ఊరివారే దిక్కు.

ప్రతి ఆలయంలోను ఒక పుస్తకం ఉంచాలి. గుడి ఎల్లలు, కొలతలు, విగ్రహాలు, శాసనమున్న తావు, ఉత్సవాలు, పెద్దలు చెప్పే స్థలకథ అందులో వ్రాయాలి. అన్ని వైపుల నుండి ఛాయాచిత్రాలు తీసి అంటించాలి. స్థలకథను కథగాను, శాసనాన్ని శాసనంగాను వేరు వేరుగా వ్రాయుట మంచిది. శాసనాన్ని గీకరాదు, అక్షరాలలో రంగు నింపరాదు. తడి కాగితం పరచి, కుంచెతో అద్ది, సిరాతో ప్రతి తీయుట తెలిసినవారి పని. అందుకు పురావస్తు శాఖవారిని పిలవాలి. మరమ్మతు ఆ తరువాతనే.

సీతారామపురం ప్రాంతపు కొండల్లోని ఘటిక సిద్ధేశ్వరానికి, భైరవకోన గుహాలయాలకు వెళ్లే భక్తులు దీపం వెలిగించుటతోపాటు ఈ సంగతి కూడ తలచుదురు గాక. స్వామి సన్నిధిలోని ఒక్క అక్షరాన్ని కాపాడుట కూడ కైంకర్యమే.