క్యాంప్‌గ్రౌండ్ బిల్లు మీద పేచీ వస్తే

కాలిఫోర్నియాలో దిగిన మనవాళ్లకు మెమోరియల్ డే వారాంతానికల్లా క్యాంపింగ్‌కు పిలుపు వస్తుంది. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకే సైటు తీసుకుంటాయి. చాలాచోట్ల రెండో కారుకు వేరే రుసుము, కట్టెలకు వేరే డబ్బు. ఈ లెక్క బుక్ చేసినవాళ్లకే తెలుస్తుంది. బయల్దేరే పొద్దున మిగతావాళ్లు బిల్లు చూసి, వేడినీళ్లు రాలేదనో కరెంటు పనిచేయలేదనో "మేం కట్టం" అని కారెక్కుతారు.

అలా మాత్రం కారెక్కకండి. ఈ రాష్ట్ర శిక్షాస్మృతి 537వ సెక్షన్ హోటళ్లతో పాటు ప్రభుత్వ, ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లకూ వర్తిస్తుంది. మోసపు ఉద్దేశంతో ఎగ్గొట్టిన సొమ్ము 950 డాలర్లు మించకపోయినా 1,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు కౌంటీ జైలు, లేదా రెండూ పడవచ్చు. మాకు మోసం చేసే ఉద్దేశం లేదంటారా? కట్టకుండా, కడతామని కూడా అనకుండా వెళ్లిపోవడాన్నే చట్టం ఆ ఉద్దేశానికి ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. న్యాయమైన ఫిర్యాదు ఉన్నవాళ్లు కూడా చెప్పకుండా వెళ్లిపోతే తమ కేసును తామే పాడుచేసుకున్నట్టు.

ఆఫీసుకు వెళ్లి మాట్లాడండి. పనిచేయనిదాన్ని ఫొటో తీయండి. తెగకపోతే అభ్యంతరంతో కడుతున్నామని రాసి కట్టి, రసీదు తీసుకోండి. తర్వాత స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లొచ్చు. వ్యక్తులు అక్కడ 12,500 డాలర్ల వరకు అడగవచ్చు, లాయరు అక్కర్లేదు.

నేషనల్ పార్కులు, నేషనల్ ఫారెస్టుల సంగతి వేరు. అక్కడ 2004 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం రుసుము కట్టకపోవడమే నేరం. మొదటిసారి జరిమానా 100 డాలర్లు దాటదు. కానీ అందులో ఒక మెలిక ఉంది: కారు ఎవరి పేరున ఉందో వాళ్లూ, కారులో ఉన్నవాళ్లూ ఆ జరిమానాకు ఉమ్మడిగా బాధ్యులు. "అన్నా, ఈ వారం కారిస్తావా?" అని అడిగిన తమ్ముడికి తాళాలు ఇచ్చేముందు ఈ మాట చెప్పండి. తన అనుమతి లేకుండా వాడారని చూపగలిగితేనే యజమాని బయటపడతాడు.

టికెట్ చేతికొస్తే మూలన పడేయకుండా, గడువులోగా కట్టండి లేదా కోర్టులో జవాబివ్వండి. వీసా దరఖాస్తు డీఎస్-160లో అరెస్టులు, శిక్షల గురించి అడిగే ప్రశ్న ఉంది. కేసు దాకా వస్తే ఇమ్మిగ్రేషన్ లాయరును కలిశాకే నేరం ఒప్పుకోవాలా వద్దా తేల్చుకోండి.

మారుమూల సైట్లలో ఆఫీసు ఉండదు. అక్కడున్న కవరులో డబ్బు పెట్టి ఇనుప డబ్బాలో వేయాలి, చీటీ ముక్క సైటు దగ్గర తగిలించాలి. చిల్లర ఇచ్చేవాళ్లుండరు కాబట్టి చిన్న నోట్లు, చెక్కు, ఒక పెన్ను కారులో పెట్టుకోండి.