నల్ల గుడ్డ కథ

పేరున్న నాయకుడు ఎవరైనా చనిపోతే ఊళ్లో సంతాప సభ పెడతారు. కొందరు చొక్కాకు నల్ల బ్యాడ్జీ పెట్టుకొని వస్తారు. మీరూ చూసే ఉంటారు. మన వైపు భర్త పోయిన ఆడమనిషి అంటే తెల్లచీరే గుర్తుకొస్తుంది. మరి ఈ నలుపు ఎక్కడిది?

ఇది చాలా పాత సంగతి. రెండు వేల ఏళ్ల కిందట యూరప్‌లో రోమ్ అనే పెద్ద రాజ్యం ఉండేది. అక్కడ మగవాళ్లు ఒంటికి ఉన్ని వస్త్రం చుట్టుకునేవారు. దాని పేరు టోగా. మామూలుగా అది తెలుపు. ఇంట్లో ఎవరైనా పోతే ముదురు రంగు ఉన్నితో నేసినది చుట్టుకునేవారు. ఆడవాళ్లు నగలు తీసేసేవారు. దుఃఖంలో ఉన్న మనిషికి సింగారం ఎందుకు? చనిపోయినవారి ఆత్మ గుర్తుపట్టకుండా నలుపు వేసుకున్నారని కొందరంటారు. దానికి రుజువు లేదు.

వందల ఏళ్ల తర్వాత ఇంగ్లండులో ఈ నలుపు గొప్పవాళ్ల చేతిలో పడింది. చిక్కటి నల్లరంగు అద్దడం అప్పట్లో చాలా ఖర్చు. ఎంత హోదా ఉంటే అంత ఎక్కువ గుడ్డ. ఫ్రాన్సు రాణులు మాత్రం భర్త పోతే తెల్లబట్టే కట్టేవారు.

1861 డిసెంబరు 14న ఇంగ్లండు రాణి విక్టోరియా భర్త చనిపోయాడు. ఆయనకు 42 ఏళ్లు. పాత రూపాయి నాణెం మీద బొమ్మ ఉన్న రాణి ఆమే. ఆ రోజు నుంచి ఆమె 39 ఏళ్లు నల్లబట్టలే కట్టింది.

రాణి ఎలా ఉంటే లోకం అలా ఉంటుంది కదా. కలిగినవాళ్ల ఇళ్లలో భర్త పోయిన స్త్రీ రెండేళ్లకు పైగా నలుపు కట్టాలి. మొదటి ఏడాది మెరుపు లేని, ముడతల పట్టుబట్ట. దాన్ని క్రేప్ అనేవారు. వానలో తడిస్తే రంగు దిగి ఒళ్లు నల్లగా అయ్యేది. విందులకు పోకూడదు. వేడుకలకు పోకూడదు. మరి భార్య పోయిన మగవాడు? టోపీకో చేతికో నల్ల పట్టీ కట్టుకొని పనికి పోయేవాడు!

ఈ బట్టలు అమ్మడానికే 1841లో లండన్‌లో పెద్ద దుకాణం తెరిచారు. గడువు తీరాక క్రేప్ ఇంట్లో ఉంచుకుంటే అచ్చిరాదని జనం నమ్మేవారు. మళ్లీ చావు వస్తే మళ్లీ కొనాలి. ఆ నమ్మకం వల్ల లాభం ఎవరికో వేరే చెప్పాలా? బీదవాళ్లు ఉన్న బట్టలనే రంగునీళ్లలో ముంచి నల్లగా చేసుకునేవారు.

1914 నుంచి 1918 దాకా మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. లక్షలమంది కొడుకులు, భర్తలు తిరిగి రాలేదు. ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో పనికి చేరారు. ఏళ్ల తరబడి నలుపు కట్టుకొని ఇంట్లో కూర్చోవడం ఇక కుదరలేదు. ఆ కట్టడి సడలిపోయింది. నల్ల పట్టీ, నల్ల బ్యాడ్జీ మిగిలాయి.

ఇంతకీ విక్టోరియా రాణి 1901 జనవరి 22న చనిపోయింది. తన అంత్యక్రియల్లో నలుపు వద్దని ముందే చెప్పింది. ఆమెకు తెల్లబట్టలు కట్టారు. ముఖం మీద పెళ్లినాటి మేలిముసుగు వేశారు.

మాట్లాడుకోండి: మీ ఊళ్లో భర్త పోయిన స్త్రీకి, భార్య పోయిన మగవాడికి ఆచారాలు ఒకటేనా?