తెర మీద చూసి తలుపు మూయవచ్చా?

ప్రశ్నలు – జవాబులు

మనసు అదుపు తప్పిన మనిషిని అతని ఇష్టం లేకుండా ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినప్పుడు, డాక్టరు వీడియోలో చూస్తే సరిపోతుందా? ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఇదే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. వారం దాటింది, సరిగా నిద్రపోవడం లేదు. ఎదురింటివాళ్లు మా నూతిలో విషం కలిపారంటూ నిన్న కత్తి పట్టుకుని వీధిలోకి వెళ్లబోతే అమ్మ అడ్డుపడింది. మాది మారుమూల పల్లె. విశాఖపట్నం పెద్దాస్పత్రికి రమ్మంటే ససేమిరా అంటున్నాడు. డాక్టరుగారు వీడియో కాల్‌లో చూసి ఒక కాగితం రాసిస్తే, దాన్ని పట్టుకుని బలవంతంగానైనా తీసుకెళ్లవచ్చా?
— ఒక అక్క, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వీడియోలో డాక్టరుకు చూపించండమ్మా, మంచిదే. కానీ కాగితం కోసం ఆగకండి. అలాంటి కాగితం మన చట్టంలో లేదు.

తమ్ముణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లడం ఒక పని, అక్కడ ఉంచడం మరో పని. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 ఈ రెండింటికీ వేర్వేరు దారులు పెట్టింది.

తీసుకెళ్లడానికి 94వ సెక్షన్ ఉంది. రోగికో ఎదుటివాళ్లకో తీవ్రమైన హాని జరిగేలా ఉంటే, రిజిస్టరైన ఏ డాక్టరైనా అత్యవసర చికిత్స మొదలుపెట్టవచ్చు. సైకియాట్రిస్టే కానక్కర్లేదు, ఆస్పత్రిలోనే జరగనక్కర్లేదు. అతని తరఫున నిలిచే మనిషి అందుబాటులో ఉంటే సమ్మతి తీసుకోవాలి. పరీక్ష కోసం దగ్గర్లోని మానసిక వైద్యశాలకు తరలించడం కూడా ఆ చికిత్సలో భాగమే. కాబట్టి ముందు 108కి, ఆ వెంటనే మీ పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేయండి. తమ్ముడు మళ్లీ ఆయుధం పడితే 112కి చేయండి. ఇది మానసిక సమస్య అని ఫోన్‌లోనే చెప్పండి, వచ్చేవాళ్లు అందుకు తగ్గట్టు వస్తారు. 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు అతన్ని రక్షణలోకి తీసుకోవచ్చు. అయితే లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటలు దాటకుండా దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి.

ఇక ఉంచడానికి 89వ సెక్షన్. మీలో ఒకరు అతని ప్రతినిధిగా దరఖాస్తు పెట్టాలి. చేర్చే రోజున గానీ, అంతకు ముందు ఏడు రోజుల్లో గానీ ఇద్దరు నిపుణులు అతన్ని విడివిడిగా పరీక్షించి ఉండాలి. వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి తీరాలి. ఇంతకంటే తేలికైన మార్గం లేదని ఇద్దరూ తేల్చి చెబితేనే చేర్చుకుంటారు, అదీ 30 రోజుల వరకే. ఆ పరీక్ష వీడియోలో జరిగినా చాలునని ఈ సెక్షన్ ఎక్కడా అనలేదు.

మరి వీడియో దేనికంటే, ఈ రాత్రి గడవడానికి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడతారు. ఈలోపు కత్తులు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. నూతిలో విషం లేదని అతనితో వాదించకండి, ఉందని ఒప్పుకోకండి. "నీకు భయంగా ఉంది కదా, నిద్ర పట్టే మందు అడుగుదాం" అనండి. గొలుసులతో మాత్రం కట్టకండి. చట్టం దాన్ని పూర్తిగా నిషేధించింది.

ప్రశ్న: నేను పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. రాత్రిళ్లు ఊగిపోతున్న రోగుల్ని నలుగురు పట్టుకుని తెస్తుంటారు. సైకియాట్రిస్టు జిల్లా ఆస్పత్రిలో ఉంటారు. ఆయన వీడియోలో చూసి చెప్పిన ఇంజెక్షన్ నేను ఇవ్వవచ్చా? రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?
— ఒక డాక్టరు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఇవ్వవచ్చు. బాధ్యత మాత్రం మీదే. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఒక డాక్టరు మరో డాక్టరును దూరం నుంచి సలహా అడగడాన్ని అనుమతించాయి. చికిత్స బాధ్యత సలహా అడిగిన డాక్టరుదేనని కూడా అవే చెప్పాయి. ఎమర్జెన్సీలో దూరవైద్యం ప్రథమ చికిత్సకు, సలహాకు, రిఫరల్‌కు పరిమితం కావాలని, వీలైనంత త్వరగా డాక్టరు నేరుగా చూసే ఏర్పాటు చేయాలని వాటి ఉద్దేశం.

తెర అవతలి మనిషికి రోగి మాట వినిపిస్తుంది, కానీ ఒళ్లు కాలుతోందో లేదో తెలియదు. అది చూడాల్సింది మీరు. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన ఇవాళ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతుంటే ముందు అనుమానించాల్సింది శరీరాన్ని. జ్వరం, మెడ బిగుసుకోవడం, తలకు దెబ్బ, రక్తంలో చక్కెర పడిపోవడం, రెండు మూడు రోజుల క్రితం తాగుడు ఆపినవారి చేతుల వణుకు — వీటిలో ఏది వదిలేసినా మందు మనసుకు వేస్తాం, జబ్బు ఒంట్లో ఉండిపోతుంది. థర్మామీటరు, గ్లూకోమీటరు, పల్స్ ఆక్సీమీటరు రీడింగులు రాసుకున్నాకే ఆ వీడియో కాల్ కలపండి.

కాల్‌లో ముఖం ఒక్కటే చూపించకండి. నడక, చేతులు కనిపించేలా ఫోన్‌ను దూరంగా పెట్టండి. ప్రమాదం లేదనుకుంటే వెంట వచ్చినవాళ్లను కాసేపు బయటికి పంపండి. ఇంటి గొడవ ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. తెర మీద ఎవరున్నారు, ఎన్ని గంటలకు చూశారు, ఏం చూడగలిగారు, ఏం చూడలేకపోయారు అన్నవి కేసు షీటులో రాయండి. ఈ చివరిది చాలామంది రాయరు. రేపు మిమ్మల్ని కాపాడేది అదే.

అత్యవసర చికిత్సకు గడువు 72 గంటలు, లేదా మానసిక వైద్యశాలలో పరీక్ష అయ్యేదాకా. ఏది ముందైతే అది. ఆ గడువును మనిషిని బంధించి ఉంచే అనుమతిగా వాడుకోకూడదు. కరెంట్ షాక్ చికిత్సను 94వ సెక్షన్ కింద అసలు ఇవ్వకూడదు.

ప్రశ్న: అమ్మ పోయాక నాన్నగారిని గుంటూరు నుంచి మా దగ్గరికి, నార్త్ కరోలినాకి తీసుకొచ్చాం. ఒక రాత్రి బీపీ మాత్రలు గుప్పెడు మింగేశారు. ఎమర్జెన్సీలో ప్రాణం నిలబెట్టారు గానీ, తర్వాత తెర మీద ఎవరో వచ్చి ప్రశ్నలడిగారు. నాన్నగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, నేనే చెప్పాను. చివరికి ఇష్టం లేకపోయినా వేరే ఊరి ఆస్పత్రికి తరలించారు. మనిషి ఎదురుగా లేకుండా ఇలా చేయవచ్చా?
— ఒక కొడుకు, క్యారీ

జవాబు: అక్కడ చేయవచ్చు. ఆ రాష్ట్ర చట్టంలోని 122సీ అధ్యాయం మొదటి పరీక్షను ఎదురుగా గానీ, టెలిహెల్త్ ద్వారా గానీ చేయవచ్చంటుంది. సైకియాట్రిస్టులు లేని చిన్న ఆస్పత్రుల్లో రోగులు ఎమర్జెన్సీ మంచాల మీదే రోజుల తరబడి పడి ఉండటమే ఈ పద్ధతి పెరగడానికి ఒక ముఖ్య కారణం. 2013 నుంచి ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ కేంద్రంగా నడుస్తున్న రాష్ట్ర టెలిసైకియాట్రీ కార్యక్రమం ఇలాంటి ఎమర్జెన్సీ విభాగాలకే డాక్టర్లను కలుపుతోంది. కాలిఫోర్నియా కూడా 2020లో తన చట్టాన్ని ఈ దిశగా సవరించుకుంది.

అయితే నార్త్ కరోలినా చట్టంలో ఒక మెలిక ఉంది. ఎదురుగా కూర్చుని చూసినా తన నిర్ణయం ఇదే అయ్యేదని పరీక్షించేవారికి వైద్యపరంగా నమ్మకం కుదరాలి. కుదరకపోతే పరీక్ష సరిగా జరగలేదని వాళ్లే రాయాలి, అప్పుడు రోగిని ముఖాముఖి పరీక్షకు తీసుకెళ్లాలి. మన దేశంలో ఎప్పుడైనా వీడియో పరీక్షకు చోటిస్తే ఈ ఒక్క వాక్యాన్ని కూడా తెచ్చుకోవాలి. "నాకు సరిగా కనబడలేదు" అని చెప్పే బాధ్యత డాక్టరు మీద పెట్టనప్పుడు తెర ఒట్టి సంతకాల యంత్రంగా మారిపోతుంది.

అంతటితో అయిపోదు. కొత్త ఆస్పత్రికి చేరిన 24 గంటల్లో మరో డాక్టరు చూడాలి. అదుపులోకి తీసుకున్న పది రోజుల్లో జిల్లా కోర్టులో విచారణ జరగాలి. నాన్నగారి తరఫున లాయరు ఉంటారు. ఖర్చు భరించలేకపోతే కోర్టే నియమిస్తుంది.

మీరు గట్టిగా అడగాల్సింది దుభాషి గురించి. ఫెడరల్ నిధులు అందుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు రాని రోగికి అర్హత ఉన్న దుభాషిని ఉచితంగా ఇవ్వాలి. అత్యవసరమై ఎవరూ దొరకనప్పుడో, రోగే కోరినప్పుడో తప్ప ఇంట్లోవాళ్ల మీద ఆధారపడకూడదు. ఇందులో న్యాయం ఉంది. భార్య పోయిన దుఃఖాన్ని, చావాలన్న ఆలోచనను ఏ తండ్రీ కొడుకు నోటితో డాక్టరుకు చెప్పించుకోలేడు. మీరెంత నిజాయితీగా చెప్పినా ఆయన మీకు చెప్పిందే కదా చెప్పగలిగింది. దుభాషి లేకుండా ఆ పరీక్ష జరిగిందని లాయరుకు చెప్పండి, తర్వాతి పరీక్షకు తెలుగు దుభాషిని అడగండి. ఆయన ఇంటికొచ్చాక మళ్లీ భయమేస్తే అక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

ప్రశ్న: అన్నదమ్ముల మధ్య పొలం గొడవ నడుస్తోంది. ఐదేళ్ల కింద డిప్రెషన్‌కి మందులు వాడాను, ఇప్పుడు బాగున్నాను. మొన్న అన్నయ్య ఎవరో డాక్టరుతో వీడియో కాల్ కలిపి, కోపంలో నేను అరిచింది రికార్డు చేశాడు. "దీంతో నిన్ను లోపల వేయిస్తా" అంటున్నాడు. నిజంగా జరుగుతుందా?
— ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: చట్టప్రకారం ఆ రికార్డింగుతో మిమ్మల్ని చేర్చే వీల్లేదు. పైన చెప్పినట్టు ఇద్దరు నిపుణులు విడివిడిగా మిమ్మల్ని పరీక్షించాలి. ఒక్క కోపం చాలదు. జబ్బు తీవ్రంగా ఉండాలి, దానివల్ల ప్రమాదం ఉండాలి, చికిత్స గురించి మీకు మీరు నిర్ణయించుకోలేని స్థితి ఉండాలి. గతంలో చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడు జబ్బు ఉందని తేల్చకూడదని అదే 2017 చట్టంలోని 3వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.

అయినా ఎవరైనా బలవంతంగా చేర్పిస్తే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడు రోజుల్లో తేల్చాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరు దొరుకుతారు. చట్టాన్ని ఉల్లంఘించినవారికి మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఈ గొడవల్లో నిద్ర తగ్గుతోందనిపిస్తే మీరే వెళ్లి మీ పాత డాక్టరును కలవండి. బాగున్నప్పటి మీ స్థితి కూడా రికార్డులో ఉంటుంది.

ఇంకో పని ఇవాళే చేయండి. రోగి ఎవరి పేరూ రాసి ఉంచకపోతే చట్టం ముందుగా చూసేది బంధువులనే. ఆ బంధువు మీ అన్నయ్యే కావచ్చు. అందుకని మీరు నమ్మే మనిషిని, భార్యనో, మేనమామనో, స్నేహితుణ్ణో మీ ప్రతినిధిగా ఎంచుకోండి. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. వాళ్ల అంగీకారం కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఒక కాపీ వాళ్ల దగ్గర, ఒకటి మీ డాక్టరు దగ్గర ఉంచండి.