పంటకాపు తుపాకికి ఏ నూనె మేలు?

పంటకాపు నిమిత్తము మూతినుండి మందు కూరెడు తుపాకికి లైసెన్సు పొందుటకు 1959 సంవత్సరపు ఆయుధముల చట్టములో ప్రత్యేకముగా అవకాశ మీయబడినది. వేరుసెనగ, మొక్కజొన్న, చెఱకు చేలను అడవిపందుల బారినుండి కాచుకొను రైతులలో కొందఱియొద్ద ఇట్టి తుపాకులు గలవు. కాల్చిన పిమ్మట సరిగా కడుగనిచో ఎంత మంచి తుపాకియైనను కొలదికాలములోనే చెడును. తుప్పు తిని పలుచనైన గొట్టము పగిలినచో పోవునది తుపాకి మాత్రమే కాదు. పట్టినవాని చేయియు, కన్నును గూడ పోవచ్చును. కావున దీనిని కడుగు విధమును, పూయదగిన నూనెలను గూర్చి సభ్యులు తెలిసికొనవలసిన సంగతు లిందు వ్రాయబడుచున్నవి.

మసియందు దాగిన ఉప్పు

తుపాకిమందు సురేకారము, గంధకము, బొగ్గు కలిసినది. కాలినపుడు ఇదంతయు గాలియై పోదు. తూకములో సగమునకు మించిన భాగము ఘనపదార్థముగా మాఱును. అందు కొంత పొగతో వెడలిపోవును. కొంత గొట్టమునకు అంటుకొనును. ఈ మసిలో పొటాసియం లవణములే విశేషముగా నుండును. వానిలో పొటాసియం కార్బొనేటు గాలిలోని తేమను పీల్చుకొని చెమ్మగిల్లును. గంధకమునుండి పుట్టిన లవణములు దానికి తోడై ఇనుమును తినును. కొన్ని రకముల టోపీలు ప్రేలినపుడు మిగులు లవణమును ఇట్టిదే. వర్షాకాలమున రాత్రి కాల్చిన తుపాకి మఱునాటికే తుప్పెక్కుటకు ఇదియే కారణము.

ఉప్పు నీటిలో కరగును గాని నూనెలో కరగదు. మసిమీద నూనె పూసినచో తుప్పు కంటికి కనబడకుండ పోవును గాని ఆగదు. కావున ముందు నీరు, తరువాత ఆరుట, కడపట నూనె. ఈ వరుస ఎన్నడును తప్పరాదు.

కడుగుటకు తగినవి, తగనివి

మంచినీటిని మించిన మందు లేదు. వేడినీరైనచో మసి త్వరగా కరగును. గొట్టము వేడెక్కి త్వరగా ఆరును. జిడ్డు పట్టియున్నచో కొంచెము సబ్బు కలుపవచ్చును. కుంకుడు రసము వాడువారు దానికి స్వల్పముగా పులుపుగుణము గలదని ఎఱిగి, పిదప మంచినీటితో రెండుసార్లు కడుగవలెను.

కిరసనాయిలు పాతజిడ్డును వదలించును గాని ఉప్పును కరగింపలేదు. కేవలము కిరసనాయిలుతో తుడిచి తుపాకి శుభ్రమైనదనుకొనుట పొరపాటు. ఇత్తడి పాత్రలకు వలె చింతపండు, ఉప్పు రుద్దుట ఇనుమునకు చేటు. ఇసుక, ఇటుకపొడి గొట్టమును అరగదీయును. బ్లీచింగుపొడి తగిలిన ఇనుము వెంటనే తుప్పెక్కును.

నూనెల గుణములు

నూనెలన్నియు ఒక తీరువి కావు. కొన్ని గాలిలోని ప్రాణవాయువును గ్రహించి జిగురుగా మాఱి, తుదకు పొరకట్టును. అవిసెనూనె ఇట్టిది. దీనిని తుపాకి కట్టెకు పలుచగా రుద్దినచో తేమ పట్టకుండ కాచును. గుఱ్ఱము, కమాను మొదలగు కదలెడు భాగములకు పూసినచో అవి బిగిసిపోవును. నువ్వులనూనె, కుసుమనూనె అంత త్వరగా కాకున్నను కాలక్రమమున జిగురెక్కును. వేరుసెనగనూనె కొంత మేలు గాని నిలువయున్న కొలది మక్కువాసన పట్టి పులియును.

కొబ్బరినూనె జిగురుకట్టదు, కాని సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువను గడ్డకట్టును గనుక చలికాలమున కదలెడు భాగములకు పనికిరాదు. ఆముదము చిక్కనై, ఇనుమును గట్టిగా పట్టుకొని, సులభముగా ఆరిపోదు. గొట్టమునకు లోపల, వెలుపల పూయుటకు మన ఇండ్లలోని నూనెలలో ఇదియే మేలు. గుఱ్ఱమునకు, కమానుకు మాత్రము కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలును. ఈ మిషను నూనె వంటి ఖనిజతైలమును గొట్టములో పూసియుంచినచో కాల్చుటకు ముందు పూర్తిగా తుడిచివేయవలెను; లేనిచో అది మసితో కలిసి తారువలె గట్టిపడును. ఇంజనునుండి తీసిన వాడిన నూనెలో ఆమ్లములు, లోహపుపొడి ఉండును గనుక దానిని దగ్గఱకు రానీయరాదు.

నూనెను పరీక్షించుట సులభము. గాజుబిళ్లపై ఒక చుక్క పలుచగా పూసి వారము దినములు ఎండతగులు చోట ఉంచి వ్రేలితో తాకిచూడవలెను. వ్రేలికి బంకగా తగిలినచో ఆ నూనె గుఱ్ఱమునకు, కమానుకు తగదు.

శుభ్రపఱచు క్రమము

1. తుపాకి కూరి లేదని ముందు నిశ్చయింపవలెను. గజమును గొట్టములో అడుగువఱకు దింపి, మూతియొద్ద గుర్తుపెట్టి, వెలుపలికి తీసి గొట్టము ప్రక్కన అదే కొలతకు ఆనించి చూడవలెను. గజము కొన రంజకపు బెజ్జము దగ్గఱకు రానిచో లోపల మందో, అడ్డమో కలదు. అట్టిదానిని కడుగ యత్నింపక లైసెన్సుగల మరమ్మతుదారునకు తెలుపవలెను.

2. దీపము, బీడీ, మందుడబ్బా దరిని లేకుండ చూచుకొనవలెను.

3. తడిగుడ్డను గజమునకు చుట్టి, గుడ్డ తెల్లగా వచ్చువఱకు మార్చి మార్చి తోమవలెను. రంజకపు బెజ్జమును, టోపీ తొడుగు మొనను మఱువరాదు.

4. పొడిగుడ్డతో తుడిచి ఎండలో ఆరనిచ్చి, వేడి తగ్గకముందే నూనె పలుచగా పూయవలెను.

5. మఱునాడు తెల్లగుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డ ఎఱ్ఱబాఱినచో ఉప్పు మిగిలియున్నదని తెలిసికొని మరల మొదటినుండి కడుగవలెను.

వానకాలమున కాల్చకున్నను పక్షమునకు ఒకసారి చూడవలెను. ఆయుధపూజనాడు పూసిన పసుపు, కుంకుమలను ఆ సాయంకాలమే తుడిచి నూనె పూయుట మంచిది. గొట్టములో గుంటలు పడినచో, ఉబ్బుగాని చీలికగాని కనబడినచో ఏ నూనెయు దానిని బాగుచేయజాలదు; మరమ్మతుదారుడు చూచువఱకు దానిని కాల్చరాదు.

లైసెన్సు పంటను కాచుటకే గాని వేటకు కాదు. అనుమతి లేక అడవిజంతువులను చంపుట 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. చట్టమునకు లోబడి ఉంచుకొనిన తుపాకిని కాపాడుకొనుటకు చెంబెడు వేడినీరు, నాలుగు గుడ్డపేలికలు, చెంచాడు ఆముదము చాలును.