కొత్త అక్వేరియంలో గోల్డ్‌ఫిష్: మేత యాజమాన్యం

కొత్తగా నెలకొల్పిన అక్వేరియంలో గోల్డ్‌ఫిష్ మొదటి నెలలోనే మరణిస్తే పెంపకందారులు వ్యాధిని అనుమానించి మందుల కొరకు వస్తారు. వారిని ముందుగా అడగవలసినది మేత మోతాదు. కార్ప్ కుటుంబానికి చెందిన ఈ చేపకు జీర్ణాశయం ఉండదు. ఆహారం నేరుగా ప్రేగులోకి చేరుతుంది. కనుక మేతను కొద్దికొద్దిగానే ఇవ్వాలి. మనిషి కనబడగానే అద్దం వద్దకు రావడం అలవాటే తప్ప ఆకలికి సూచిక కాదు. ఇంట్లో నలుగురూ నాలుగుసార్లు మేత వేయడం ఇక్కడే మొదలవుతుంది.

తినగా మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా విడుదలవుతుంది. చేపల మొప్పల నుండి వెలువడే అమ్మోనియా దీనికి తోడవుతుంది. దానిని నైట్రైట్‌గా, తదుపరి నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి సాధారణంగా 4-6 వారాలు పడుతుంది. నీటి ఉదజని సూచిక 8 దాటినా, ఉష్ణోగ్రత పెరిగినా అమ్మోనియా విషప్రభావం తీవ్రమవుతుంది. క్షారగుణం గల బోరు నీరు వాడే ఇళ్ళలో వేసవిలో ఈ రెండూ కలిసి వస్తాయి.

ఈ వారాలలో రోజుకు ఒకసారి, 2 నిమిషాలలో తినగలిగినంత మేత చాలు. మిగిలినది సైఫన్ గొట్టంతో తీసివేయాలి. వారానికి కనీసం నాలుగో వంతు నీరు మార్చాలి. ఫిల్టరు స్పాంజిని మాత్రం కొళాయి కింద కడగరాదు. క్లోరిన్ వలన బాక్టీరియా నశిస్తుంది. తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి.